గిండీ గేటు లోపల జర్మనీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఐఐటీ మద్రాస్‌లో ఉన్న ఇండో-జర్మన్ సెంటర్ ఫర్ సస్టైనబిలిటీ గురించి ఒక నాలుగు లైన్లు రాశాను, మాటల్లో మాటగా వచ్చింది కాబట్టి రాశాను, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. చెన్నైలోనే ఒక కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో 18 ఏళ్ళు పనిచేశాను, ఇలాంటివి ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశా. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు, అందుకని ఎవరి పేరూ వెయ్యలేదు.

ప్రశ్న: మేడం, మాది నెల్లూరు జిల్లా. తాంబరం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. మీరు రాసిన సెంటర్ ఐఐటీ వాళ్ళకేనా, మాలాంటోళ్ళని రానిస్తారా? అక్కడ చేరితే జర్మనీ పంపిస్తారా? అసలు లోపల ఏం చేస్తారు?

జవాబు: బాబూ, ముందు ఆ "చేరితే" అన్న మాట పక్కన పెడదాం. అక్కడ అడ్మిషన్లు లాంటివి ఉండవు. రెండు దేశాల ప్రొఫెసర్లు, రీసెర్చ్ చేసే పిల్లలు ఒకే సమస్య మీద కలిసి కూర్చుని పనిచేయడానికి పెట్టుకున్న చోటు అది. 2010లో మొదలైంది. డబ్బు రెండు ప్రభుత్వాలూ పెడతాయి, మన వైపు నుంచి సైన్స్ అండ్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్, అటు నుంచి జర్మన్ ప్రభుత్వం. ఆఖెన్, బెర్లిన్‌లలో ఉన్న టెక్నికల్ యూనివర్సిటీల్లాంటివి అటువైపు జోడీ. సబ్జెక్టులు ఏంటంటే నీళ్ళు, చెత్త, ఎనర్జీ, భూమిని ఎలా వాడుతున్నాం అనేది. అంటే సివిల్ చదివే నీకు బాగా దగ్గరవే.

ఈ స్నేహం 2010లో పుట్టింది కాదులే. అసలు ఐఐటీ మద్రాసే 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైంది. గిండీ అడవిలో కొంత ముక్క తీసిచ్చారు, అటునుంచి ప్రొఫెసర్లు వచ్చారు, వర్క్‌షాపులకి మెషీన్లు ఓడల్లో వచ్చాయి, మన లెక్చరర్లు అక్కడికెళ్ళి ట్రైనింగ్ అయ్యి వచ్చారు. మొదటి బ్యాచ్‌లకి జర్మన్ పాఠం కూడా ఉండేది. ఇప్పుడు లోపలికెళ్తే జింకలు తిరుగుతుంటాయి, హాస్టళ్ళకి గోదావరి, కృష్ణ, తుంగభద్ర అని మన నదుల పేర్లే, ఆ బోర్డులు చదువుతూ నడుస్తుంటే నాకైతే ఊరు వెళ్ళినట్టే ఉంటుంది.

ఇక నీలాంటి వాళ్ళని రానిస్తారా అంటే, సెంటర్ వాళ్ళు వింటర్ స్కూల్, సమ్మర్ స్కూల్ అని కొన్ని రోజుల కోర్సులు పెడతారు, ఒకటి ఇక్కడ, ఒకటి జర్మనీలో. అవి ఎక్కువగా మాస్టర్స్, పీహెచ్‌డీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసేవి, ప్రకటన పడినప్పుడు అర్హతలు చదువుకో, ఇప్పుడు కాకపోతే రెండేళ్ళకి పనికొస్తుంది. బయటివాళ్ళు కూడా వినగలిగే లెక్చర్లు ఉన్నప్పుడు వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. గేటు దగ్గర ఎక్కడికి, ఎవర్ని కలవాలి అని అడుగుతారు, కాలేజీ ఐడీ కార్డు, ప్రోగ్రాం వివరం ఫోన్లో పెట్టుకుని వెళ్ళు.

ఇప్పుడు అసలు మాట చెప్తా విను. మా ఆఫీసులో ఒక జర్మన్ ప్రొఫెసర్ వచ్చి మూడు నెలలు ఉన్నారు. ఆయనకి మన పిల్లల నుంచి మెయిల్స్ తెగ వచ్చేవి. ఒకరోజు లాప్‌టాప్ నా వైపు తిప్పి చూపించారు. వరసగా 40 దాకా ఉంటాయి, అన్నీ ఒకటే మెయిల్. గౌరవనీయులైన సార్, మీ రీసెర్చ్ అంటే నాకు చాలా ఆసక్తి, ఏ ప్రాజెక్ట్ ఇచ్చినా చేస్తాను, రెజ్యూమే జత చేశాను. ఒక దాంట్లో అయితే పైన వేరే ప్రొఫెసర్ పేరు మార్చకుండా అలాగే వదిలేశారు. ఆయన జవాబు ఇచ్చింది ఒక్కదానికే. ఆ అమ్మాయి ప్రకాశం జిల్లా నుంచి వచ్చింది, వాళ్ళ ఊరి చెరువుకి తూము ఎక్కడుంది, పూడిక ఎంత పేరుకుంది, బోర్లు ఎన్ని అడుగులు దిగాయి, వాళ్ళ తాతని అడిగి రాసి, చేత్తో గీసిన బొమ్మ ఒకటి ఫోటో తీసి పెట్టింది. ఆ బొమ్మ మీద చిన్న టీ మరక కూడా ఉంది, నాకింకా గుర్తే.

నీది నెల్లూరు అంటున్నావు. మీ కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గర పూండి చెరువుకి వచ్చే కృష్ణ నీళ్ళు కూడా కదా చెన్నై తాగేది! 1983లో ఒప్పందం, 1996లో నీళ్ళు పూండి చేరాయి, 2019 ఎండాకాలంలో ఇక్కడి చెరువులన్నీ ఎండిపోయి ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్నాం, అదే నగరం 2015 డిసెంబర్‌లో మునిగిపోయింది. ఆ కాలువ పక్కన పుట్టినవాడివి నువ్వు, దాని గురించి నీకు తెలిసింది ఆఖెన్‌లో కూర్చున్నాయనకి తెలీదు. లీవుకి ఊరెళ్ళినప్పుడు కాలువ గట్టు మీద ఒకరోజు తిరిగి, లైనింగ్ ఎక్కడ పగిలింది, మోటార్లు ఎక్కడ వేశారు, కాలువ చూసుకునే లస్కర్లు ఏమంటున్నారు, ఒక రెండు పేజీలు రాయి. ఆ తర్వాత మెయిల్ పెట్టు. జర్మనీ సంగతి అక్కణ్ణుంచి మొదలవుతుంది.

ప్రశ్న: మాది పెరంబూరు. మా అమ్మాయి తెలుగు ఎం.ఏ. చేసింది. ఈ జర్మన్ సెంటర్లు, ఎక్స్‌ఛేంజ్‌లు అన్నీ ఇంజనీర్లకేనండీ, తెలుగు చదివిన పిల్లకి జర్మనీతో ఏం పని అని మా బంధువులు అంటున్నారు. పిల్ల బాగా డీలా పడింది. నిజంగా ఏం లేదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలుగుకి జర్మనీతో ఏం పని అని అడిగిన ఆ బంధువుల్ని ఒకసారి మా ఇంటికి పంపండి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్తాను. మీ అమ్మాయికి ఇది గట్టిగా చదివి వినిపించండి.

బెంజమిన్ షుల్ట్జ్ అని ఒక జర్మన్ మిషనరీ ఉండేవాడు. 1719లో తమిళ తీరంలో ఉన్న తరంగంబాడి వచ్చాడు, 1726లో మద్రాసు చేరాడు. ఇక్కడి వీధుల్లో తెలుగు ఎంత వినపడుతుందో చూసి తెలుగు నేర్చుకున్నాడు, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. బ్రౌన్ దొర పుట్టడానికి 70 ఏళ్ళ ముందు మాట ఇది. 1743లో ఆయన తిరిగి వెళ్ళి హాలే అనే ఊళ్ళో కూర్చుని, తెలుగు అక్షరాలు పోత పోయించి, 1740ల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అని చెప్పుకునేవి అవే. అంటే మన అచ్చు అక్షరం బెజవాడలోనో రాజమండ్రిలోనో కాదు, జర్మనీలో పుట్టింది, దాన్ని పుట్టించిన తెలుగు మాత్రం మద్రాసు వీధుల్లో నేర్చుకున్న తెలుగు! ఆయన రాసింది మతం పని మీదే, అందులో దాచేది ఏం లేదు, ఆ తెలుగు కూడా మనకి ఇప్పుడు చదివితే చాలాచోట్ల వింతగా ఉంటుంది. కానీ 300 ఏళ్ళ కిందట మద్రాసులో జనం మాట్లాడిన తెలుగు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ వింతే మనకి కావాల్సింది. ఒక పరాయి చెవికి ఎలా వినపడిందో అలా రాసుకున్నాడు కదా, మన పండితులు అలాంటి మాటల్ని కాగితం మీదకి రానిచ్చేవాళ్ళు కాదు.

హాలేలో ఫ్రాంకే ఫౌండేషన్స్ అని 1698 నుంచి ఉన్న సంస్థ ఉంది. ఈ మిషనరీలు పంపిన ఉత్తరాలు, డైరీలు, తమిళం తెలుగు తాటాకులు అక్కడ దాచిపెట్టారు. వాటిని చదవాలంటే జర్మన్ ఒక్కటే వస్తే చాలదు. తెలుగు తెలిసినవాళ్ళు కావాలి. పాత తెలుగు లిపి, అరసున్న, బండి ర, వట్రసుడి ఇవన్నీ కళ్ళకి అలవాటైన వాళ్ళు కావాలి. మీ అమ్మాయి ఎం.ఏ.లో ఛందస్సు, భాషాచరిత్ర చదివే ఉంటుంది, ఆ చదువు ఇక్కడ అందరికీ పనికిరానిదిగా కనిపించి ఉండొచ్చు, అక్కడ అది ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

అంత దూరం ఇప్పుడే పోనక్కర్లేదు కూడా. కొట్టూర్‌పురంలో అణ్ణా సెంటినరీ లైబ్రరీ ఉంది కదా, అందులోనే గవర్నమెంట్ ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ ఉంది. బ్రౌన్ చేర్చిన తెలుగు ప్రతులు, సర్వే చేసే మెకంజీ దొర కోసం ఆయన దగ్గర పనిచేసిన మన కావలి సోదరులు ఊరూరా తిరిగి పోగుచేసినవాటిలో కొంత భాగం, అన్నీ అక్కడే. ఐఐటీకి అది పెద్ద దూరం కాదు, ఒక్క బస్సు. పెరంబూరు నుంచి రావడానికి గంట పైనే పడుతుంది, ఫర్వాలేదు, ఒకరోజు పంపండి. నేను వెళ్ళినప్పుడు ఒక తాటాకు కట్ట విప్పి చూపించారు. నూనె రాసిన వాసన, అంచులు పురుగు తిని జల్లెడలా ఉన్నాయి, గంటంతో గీసిన అక్షరం వెలుతురుకి వంచితేగానీ కనపడదు. నాకు ఒక్క లైను చదవడానికి పావుగంట పట్టింది. "తమ్ములు" అన్న మాట దొరికినప్పుడు పక్కనున్న అసిస్టెంటు చెయ్యి పట్టుకుని చూపించాను.

అమ్మాయిని ఒక చిన్న ప్రతి పట్టుకుని ఎత్తి రాయమనండి. ఒక ఆరు నెలలు. పక్కన జర్మన్ ఏ1, అంటే మొదటి మెట్టు, మొదలుపెట్టించండి. మద్రాసు యూనివర్సిటీలో తెలుగు డిపార్ట్‌మెంటూ ఉంది, జర్మన్ నేర్పే డిపార్ట్‌మెంటూ ఉంది, రెండిట్లోనూ వెళ్ళి మాస్టార్లతో మాట్లాడమనండి. హైడెల్‌బర్గ్‌లో సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ 1962 నుంచి ఉంది, హాలే యూనివర్సిటీ ఉంది. ఎత్తి రాసిన పది పేజీలు చేతిలో ఉన్న పిల్లకీ, సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న పిల్లకీ అక్కడివాళ్ళు ఇచ్చే జవాబు వేరుగా ఉంటుంది, అది నా కళ్ళతో చూశాను. పిల్ల రాసింది నాకు కూడా పంపమనండి, చదువుతాను.

ప్రశ్న: అక్కా, జర్మన్ యాప్‌లో నేర్చుకుంటే చాలదా? మాక్స్ ముల్లర్ భవన్‌లో ఫీజు ఎక్కువ కదా.

జవాబు: మాటలు గుర్తుండటానికి యాప్ మంచిదే. కానీ నోరు తెరిచి మాట్లాడటం, తప్పు మాట్లాడితే ఎవరో ఒకరు ఆపి సరిచేయడం, అది క్లాసులోనే వస్తుంది. నుంగంబాక్కంలో మాక్స్ ముల్లర్ భవన్ లైబ్రరీ ఉంది, ముందు అక్కడికెళ్ళి ఒక గంట కూర్చుని చూడు. ఇంగ్లీషులో నడిచే కోర్సుకి వెళ్ళేవాళ్ళు కూడా బీ1, అంటే మూడో మెట్టు దాకా చేసుకుంటే ఇల్లు వెతుక్కోవడం, పార్ట్‌టైమ్ పని, డాక్టరు దగ్గర చెప్పుకోవడం అన్నీ తేలికవుతాయి. ఇంకొకటి, ఆ మాక్స్ ముల్లర్ ఋగ్వేదం మొత్తం అచ్చు వేయించిన మనిషి, జన్మలో ఒక్కసారి కూడా మన దేశం రాలేదు, పుస్తకాల్లో కూర్చునే నేర్చుకున్నాడు. కాబట్టి ఫీజుకి డబ్బు కుదిరేదాకా ఇంట్లో మొదలుపెట్టు, ఆగిపోకు.

ప్రశ్న: మేడం, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా అబ్బాయి మెకానికల్ అయిపోయింది. జర్మనీలో ఫీజు లేదంటారు, మరి కన్సల్టెన్సీ వాళ్ళు లక్షల్లో చెప్తున్నారు. ఎక్స్‌ఛేంజ్ సెంటర్ ద్వారా వెళ్తే ఖర్చు ఉండదా?

జవాబు: అన్నయ్యగారూ, ఇవి రెండూ వేరు వేరు దార్లు. ఎక్స్‌ఛేంజ్ అంటే మీ అబ్బాయి ఇక్కడి యూనివర్సిటీలో చదువుతూనే ఒక సెమిస్టరో, కొన్ని నెలలో అక్కడికెళ్ళి రావడం, రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటేనే కుదురుతుంది. అబ్బాయి చదువు అయిపోయింది కాబట్టి నేరుగా మాస్టర్స్‌కి అప్లై చేసుకోవాలి.

ఫీజు లేదన్నది చాలావరకు నిజమే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కి కొంత కాంట్రిబ్యూషన్ కట్టాలి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి మనలాంటి బయటి దేశాల పిల్లల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఈ మధ్య మొదలుపెట్టింది. ప్రైవేటువి సరేసరి. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే నెలకి 992, ఆ డబ్బు అబ్బాయిదే, అక్కడికెళ్ళాక నెలనెలా అతనికే వస్తుంది, కానీ ముందు మీరు సర్దాలి కదా. 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, మార్కుల లిస్టులు, డిగ్రీ అసలువేనని వాళ్ళు చూసి ఇచ్చే కాగితం అది, దానికి టైమ్ పడుతుంది, అన్నిటికంటే ముందు అది పెట్టేయండి. అక్కడ చదువుకుంటూ ఏడాదికి 140 ఫుల్ డేస్ పనిచేసుకోవచ్చు, డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు.

కన్సల్టెన్సీ మాట కొంచెం ఘాటుగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. మా అన్నయ్య కొడుకు విషయంలో జరిగింది. ఇక్కడే ఒక కన్సల్టెన్సీ, నేను ఆఫీసు పనితో తలమునకలై వాడి కాగితాలు చూడలేదు, అదింకా నాకు బాధే. ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకున్నారు, 12 చోట్ల అప్లై చేస్తామన్నారు, చేసింది మూడు, మూడూ వాళ్ళకి కమిషన్ ఇచ్చే ప్రైవేటు కాలేజీలే. వింటర్ సెమిస్టర్‌కి చాలా యూనివర్సిటీల గడువు జూలై 15, ఇంగ్లీషు కోర్సులకి ఇంకా ముందే అయిపోతుంది. మేం తెలుసుకునేసరికి ఆగస్టు. వాడు ఆ సంవత్సరం ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. మా వదిన అన్నం పళ్ళెం తలుపు బయట పెట్టి వచ్చేది. తర్వాతి ఏడాది నేనూ వాడూ కూర్చుని డాడ్ వాళ్ళ వెబ్‌సైట్‌లో కోర్సులు వెతికాం, అది ఉచితం, అందులో కోర్సు ఏ భాషలో, ఫీజు ఉందా, గడువు ఎప్పుడు అన్నీ ఉంటాయి. డాడ్ అంటే జర్మన్ అకడమిక్ ఎక్స్‌ఛేంజ్ సర్వీస్, 1925లో పెట్టిన సంస్థ. ఐదు చోట్ల మేమే అప్లై చేశాం, రెండు వచ్చాయి.

కాబట్టి ఒరిజినల్ సర్టిఫికెట్ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఏ యూనివర్సిటీకి పెట్టారో ఆ లాగిన్ అబ్బాయి దగ్గరే ఉండాలి. తోడుగా ఎవరికైనా డబ్బిచ్చి పనిచేయించుకోవడం తప్పని అనట్లేదు, పగ్గం మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. వేళచ్చేరిలో మా మేడ మీద పోర్షన్ ఖాళీగా ఉంది. ఐఐటీకి ఏడాది రీసెర్చ్ కోసం వచ్చిన జర్మన్ అమ్మాయి అద్దెకి అడుగుతోంది. మా ఆవిడ భయపడుతోంది, పోలీసు గొడవలు ఉంటాయా, వాళ్ళ తిండీ అలవాట్లూ మనకి సరిపడతాయా అని. ఇవ్వమంటారా?

జవాబు: మాస్టారూ, నా మాట వింటే తప్పకుండా ఇవ్వండి. మనపిల్లలు అక్కడికెళ్ళి ఇల్లు దొరక్క ఎన్ని తిప్పలు పడుతున్నారో రోజూ వింటున్నాం, ఇక్కడికొచ్చిన పిల్లకి మనం తలుపు తీస్తే అదీ ఎక్స్‌ఛేంజే కదండీ.

పోలీసు గొడవలు ఏం ఉండవు, కాగితం పని ఉంది. విదేశీయులు ఎవరు మన ఇంట్లో దిగినా 24 గంటల్లోపల ఇంటి ఓనరు ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టాలి, అందరూ సి-ఫారం అంటారు దాన్ని. విదేశీయుల్ని నమోదు చేసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆఫీసు సైట్‌లో ముందే మీ పేరుతో రిజిస్టర్ చేసుకుని ఉంచుకుంటే ఆ రోజు హడావుడి ఉండదు, మనవడో మనవరాలో ఉంటే పదినిమిషాల పని. ఆ అమ్మాయి ఏడాది ఉంటుంది, 180 రోజులు దాటుతుంది కాబట్టి వచ్చిన 14 రోజుల్లో తన రిజిస్ట్రేషన్ తను చేసుకోవాలి, దానికి మీ అద్దె అగ్రిమెంట్ కాపీ అడుగుతారు. అగ్రిమెంట్ నోటిమాటగా వద్దు. రాసుకుని రిజిస్టర్ చేయించండి. అడ్వాన్స్ మన చెన్నై లెక్కలో పది నెలలు అడక్కండి, 2017 అద్దె చట్టం మామూలుగా మూడు నెలలు అంటుంది, పరాయి దేశం నుంచి వచ్చిన పిల్ల దగ్గర అంత డబ్బు ఉండదు కూడా.

అలవాట్ల సంగతికి వస్తే, మా మేడ మీద ఒక జర్మన్ అమ్మాయి తొమ్మిది నెలలు ఉంది, పళ్ళికరణై చిత్తడినేల మీద పనిచేసేది. వచ్చిన రెండోరోజే కిందకి దిగి వచ్చి మూడు సంచులు చూపించి ఏది ఎందులో వెయ్యాలి, బండి ఎన్ని గంటలకి వస్తుంది అని అడిగింది. ఆ రోజు దాకా మా ఇంట్లో అన్నీ ఒకే బుట్ట, చెప్పడానికి సిగ్గేసింది, ఆ వారం నుంచి మేమూ తడి పొడి వేరు చేశాం. రాత్రిపూట వంట చేసేది కాదు, బ్రెడ్డు, ఛీజ్, కీర ముక్కలు అంతే, మా అత్తగారు మొదట్లో పాపం పిల్ల పస్తు పడుకుంటోందని బెంగపడి ఇడ్లీలు పట్టుకెళ్ళేవారు. తర్వాత వాళ్ళ దేశంలో రాత్రి భోజనం అలాగే అని అర్థమైంది. ముద్దపప్పు ఆవకాయ పెడితే ఆవకాయలో టెంక ఏం చెయ్యాలో తెలీక అలాగే చేత్తో పట్టుకుని కూర్చుంది, మా అత్తగారు తన టెంక చీకి చూపించారు. వెళ్ళేనాటికి మార్గళి నెల, గుమ్మంలో చుక్కల ముగ్గు తనే పెట్టేది, ఏడు చుక్కలది, వంకరగా వచ్చినా చెరపనిచ్చేది కాదు.

మూడు మాటలు ముందే చెప్పేసుకోండి, నీళ్ళు ఏ టైమ్‌లో వస్తాయి, కరెంటు మీటరు ఎలా లెక్క, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు. వాళ్ళు మొహమాటం లేకుండా అడుగుతారు, మీరూ అలాగే చెప్పండి, ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోదు. మీ ఆవిడకి చెప్పండి, మొదటి రోజు ఒక గ్లాసు మజ్జిగ పైకి పంపమని. మిగతాది ఇద్దరూ చూసుకుంటారు.